ముక్కు డాక్టరు చేసిన చెయ్యి

సెలూన్ మాస్టరుకి పరిచయం లేని మనిషి ఆ వీధిలో లేడు. కుళాయి బాగుచేసేవాడు కావాలన్నా, అద్దెకి రెండు గదులు కావాలన్నా, పంటి నొప్పికి డాక్టరు కావాలన్నా జనం ముందు ఆయన కుర్చీలో కూర్చుని, మెడకి గుడ్డ చుట్టించుకుని అడిగేవారు. మాస్టరు దువ్వెన ఒక్క క్షణం ఆపి, అద్దంలో వాళ్ళ మొహంలోకి చూసి, "మనవాడు ఒకడున్నాడు" అనేవాడు. ఆయనకి మనవాడు కానివాడు లేడు. కత్తెరతో కోసే జుట్టు కన్నా నోటితో కోసే కోతలే ఎక్కువని వెనక బెంచీ మీద పేపరు చదువుకునే ముసలాళ్ళు నవ్వుకునేవారు గానీ, అవసరం పడితే వాళ్ళూ ఆయన్నే అడిగేవారు.

ఇందుకు ఆయన్ని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. తండ్రి కత్తెర చేతికిచ్చిన మొదటి వారంలోనే ఒక పాఠం చెప్పాడు: కుర్చీలో కూర్చున్నవాణ్ణి లేపకూడదు. "ఈ కటింగు నాకు రాదండీ, ఫలానా షాపులో బాగా చేస్తారు" అన్నావా, ఆ మనిషే కాదు, వాడి కొడుకులూ అల్లుళ్ళూ కూడా ఫలానా షాపుకే పోతారు. రాకపోయినా వచ్చినట్టే దువ్వెన తియ్యి, చేస్తూ చేస్తూ నేర్చుకో. జుట్టుదేముంది, తప్పు కోస్తే నెలకి మళ్ళీ పెరుగుతుంది. ముప్పై ఏళ్ళు మాస్టరు ఈ పాఠం మీదే బతికాడు. చెయ్యి జుట్టు లాంటిది కాదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు.

ఆ చెయ్యి ఆయన వదినది.

మాస్టరుకి ఆరేళ్ళప్పుడు ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. అత్తగారు లేని ఇల్లు. వచ్చిన మర్నాడే ముక్కు కారుతున్న మరిదిని రెక్క పట్టుకుని లాక్కెళ్ళి కుళాయి కింద కూర్చోబెట్టి తల రుద్దింది. అన్న లారీ మీద నెలకి ఇరవై రోజులు ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు కాబట్టి, మరిదికి జ్వరం వస్తే కూర్చున్నదీ, బడి ఎగ్గొడితే చెవి మెలేసిందీ, ఎవరైనా వాడి మీద చాడీలు చెప్తే కొంగు బిగించి వీధిలోకి వెళ్ళిందీ ఆవిడే. "మా మరిది అలాంటివాడు కాదు" అన్న మాట ఆవిడ నోట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అందులో సగం సార్లు వాడు అలాంటివాడే.

ఆవిడది రఫ్ఫు పని. చిరిగిన బట్టకి అదే బట్టలోంచి లాగిన దారంతో పోగుకి పోగు అల్లి, చిరుగు ఎక్కడుందో తొడుక్కున్నవాడికే తెలియకుండా చేసే పని. చూసేవాళ్ళు దానికి కళ్ళు బాగుండాలనుకుంటారు. కళ్ళు కాదు, వేళ్ళ కొనలు బాగుండాలి. పోగు బిగిసిందో వదులుగా ఉందో బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య తెలియాలి. ఆ రెండు వేళ్ళూ, వాటి పక్కన నడిమి వేలూ తిమ్మిరెక్కడం మొదలెట్టాయి. నిద్రలో మెలకువ వచ్చి చెయ్యి విదుల్చుకునేది. ఒక పక్క సూది పట్టుకుంటూ ఉంటే ఇంకో పక్క జారిపోయేది.

"ఏరా, ఈ చెయ్యి ఎవరికైనా చూపించాలేమోరా" అంది ఒకరోజు మరిదితో.

మాస్టరు ఛాతీ విరుచుకున్నాడు. "నాకు వదిలెయ్యి వదినా. మన ముక్కు డాక్టరున్నాడు."

ముక్కు డాక్టరంటే రెండు వీధుల అవతల అద్దాల తలుపులున్న క్లినిక్కులో ప్లాస్టిక్ సర్జన్. వంకర ముక్కులు సరిచేస్తాడు. వాలిపోయిన కనురెప్పలు ఎత్తుతాడు. బరువు కమ్మలకి తెగిన చెవి తమ్మెలు కుడతాడు. పొట్ట మీది కొవ్వు తీస్తాడు. కాలిన చోట తొడ మీది చర్మం తెచ్చి వేస్తాడు. కానీ ఆయన గోడ మీది ఫొటోలన్నీ ముక్కులే కావడంతో సెలూన్లో ఆయనకి ఆ పేరు స్థిరపడిపోయింది. నెలకోసారి వచ్చి జుట్టు కత్తిరించుకుని, గడ్డం గీయించుకుని వెళ్ళేవాడు. ఎందరి మొహాలో కోసే అంత పెద్ద డాక్టరు మాస్టరు కత్తి కింద మెడ చాచి కళ్ళు మూసుకునేవాడు. తన కత్తిని అంత నమ్మినవాడి కత్తిని తాను నమ్మకపోతే మర్యాదేముంది? పైగా డాక్టరు చెయ్యి వణకదు, కాఫీ కప్పు పట్టుకున్నప్పుడు మాస్టరు గమనించాడు. సర్జన్ని ఎంచుకోవడానికి ఇంతకన్నా ఏం చూడాలో ఆయనకి తట్టలేదు.

ఆ నెల డాక్టరు వచ్చేసరికే మాస్టరు వదినకీ, బెంచీ మీది ముసలాళ్ళకీ, ఎదురుగా మందుల షాపువాడికీ అరచేతిలో వైకుంఠం చూపించేసి ఉన్నాడు. నురగ పూసి, కత్తి తీసి, నెమ్మదిగా విషయం కదిపాడు.

"చెయ్యా?" అన్నాడు డాక్టరు కళ్ళు తెరిచి. "మీరు చెప్పేదాన్ని బట్టి మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతూ ఉండాలి. దానికి నేనెందుకు మాస్టారూ? పెద్దాసుపత్రిలో చేతుల డాక్టరమ్మ ఉన్నారు. ఆవిడకి పొద్దున లేస్తే అదే పని. నేను అలాంటివి చదువుకునే రోజుల్లో ఎప్పుడో చేశాను. నా దగ్గరికొచ్చే చేతులన్నీ ఆవిడ దగ్గరికే పంపిస్తాను."

"మీరు మరీ అలా అంటారు. మీ చెయ్యి నాకు తెలియదా?"

"నా చెయ్యి సంగతి కాదండీ. రోజూ చేసే పని వేరు, ఎప్పుడో చేసిన పని వేరు."

మాస్టరు నవ్వాడు. పనిమంతుడెవడూ తనకి రాదని అనగా ఆయన ముప్పై ఏళ్ళలో వినలేదు. రానివాడు ఎలాగూ అనడు. కాబట్టి రాదన్నాడంటే వచ్చినట్టే! ఈ తర్కానికి తలా తోకా లేదని మీకూ నాకూ తెలుస్తూనే ఉంది గానీ, నలుగురి ముందు మాట ఇచ్చేసినవాడికి ఏ తర్కమైనా సరిపోతుంది. "మా వదిన ఇంకెవరి దగ్గరికీ రానంటోంది డాక్టరు గారూ. మీ మీదే ఆశ పెట్టుకుంది" అన్నాడు. శుద్ధ అబద్ధం. వదిన ఆ డాక్టరు మొహం కూడా ఎరగదు. మూడోసారి అడిగేసరికి కత్తి డాక్టరు కంఠం మీద ఉంది.

"సరే, తీసుకురండి చూద్దాం" అన్నాడాయన పెదవులు కదపకుండా.

ఆపరేషను అరగంట. అరచేతి మొదట్లో చిన్న గాటు, నాలుగు కుట్లు. పది రోజులకి కుట్లు విప్పారు. గాటు ఎంత సన్నగా మానిందంటే, మాస్టరు వదినని సెలూన్ గుమ్మం దాకా పిలిపించి బెంచీ మీది ముసలాళ్ళకి చూపించాడు. "చూశారా? గీత కూడా కనబడదు. ముక్కు డాక్టరా మజాకానా!" వదిన సిగ్గుపడుతూ అరచెయ్యి తెరిచి, మూసుకుని వెళ్ళిపోయింది.

నెల గడిచాక "ఇంకా మొద్దుగానే ఉందేమిట్రా" అంది ఒకసారి. "నరం కదా వదినా, టైము పడుతుంది" అన్నాడు మాస్టరు. అది ఏ డాక్టరూ చెప్పింది కాదు, మాస్టరు సొంత వైద్యం. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి బాగుందనుకున్నాడు. అంటే, అనుకోవడానికి ప్రయత్నించాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం చూశాడు. జాకెట్టు గుండీలు ఎడం చేత్తో పెట్టుకోవడానికి కుస్తీ పడుతూ ఉంటే చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అసలు పాపం ఇంకోటుంది. ఆపరేషను అయిన నెలకి డాక్టరు జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చి, కూర్చోగానే అడిగిన మొదటి మాట, "మీ వదినగారి చెయ్యి ఎలా ఉంది? మళ్ళీ రాలేదేం? ఒకసారి పంపండి, చూడాలి."

"బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాడు మాస్టరు.

ఎందుకన్నాడు? బెంచీ నిండా జనం ఉన్నారు. డాక్టరు చిన్నబుచ్చుకుంటాడేమో అనిపించింది. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు, కారణాలు ఎన్నైనా దొరుకుతాయి. తన మాట పోకూడదన్నది ఒక్కటే నిజం. ఆ తర్వాత ప్రతి నెలా డాక్టరు అడిగాడు, ప్రతి నెలా బ్రహ్మాండమే అయింది. చివరికి డాక్టరు అడగడం మానేశాడు.

ఎనిమిదో నెలలో ఒక రిటైరైన నర్సు తన తెల్ల ఉన్ని కోటు రఫ్ఫుకి ఇచ్చింది. తీసుకోవడానికి వచ్చి, కోటు విప్పి చూసి, అక్కడే నిలబడిపోయింది. చిరుగు చుట్టూ ఆవగింజలంత ఎర్రటి మరకలు, పది పన్నెండు. వదిన కళ్ళద్దాలు సవరించుకుని చూసి కంగారుపడింది. మరక ఎక్కడిదో ఆవిడకి తెలియనే లేదు. నర్సు ఆవిడ చెయ్యి పట్టుకుని తిప్పింది. చూపుడు వేలి కొన నిండా సూది పోట్లు. కొన్ని ఎండిపోయాయి, ఒకటి ఇంకా తడిగా ఉంది.

"ఇన్నిసార్లు గుచ్చుకుంటే నొప్పి తెలియలేదామ్మా?"

"లేదమ్మా" అంది వదిన చిన్న గొంతుతో, దొంగతనం చేసి దొరికిపోయినదానిలా. "కోటు ఉతికిస్తానమ్మా. ఏమీ అనుకోకండి."

"కోటు సంగతి వదిలెయ్యండి. బొటనవేలి కింద కండ చూడండి ఎలా గుంటపడిందో. రేపే పెద్దాసుపత్రికి వెళ్ళండి. చేతుల డాక్టరమ్మ అని అడిగితే చూపిస్తారు."

అప్పుడే ఇంట్లోకి అడుగుపెడుతున్న మాస్టరు ఆ మాట విన్నాడు. నర్సు వెళ్ళాక వదిన మరిది వైపు తిరిగి, "పోనీ వెళ్ళి చూపించుకుంటే తప్పా? నీ డాక్టరు ఏమీ అనుకోడు కదా?" అంది. చచ్చిన పాముని ఇంకా కొట్టడమంటే అదే. తప్పు లేదు వదినా అన్నాడు.

పెద్దాసుపత్రి రెండో అంతస్తులో చేతుల విభాగం. హాలు నిండా చేతులే. మిషన్లో వేలి కొన పోగొట్టుకుని, కట్టుతో చెయ్యి పైకెత్తి పట్టుకున్న ప్రెస్సు పనివాడు. మణికట్టు మీద రేగిపండంత నీటిబుడ్డ ఉన్న టైపిస్టు. కాలిన వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోతే విడదీయించుకుని, ఇప్పుడు మెత్తటి బంతి పిసుకుతూ వేళ్ళకి కసరత్తు చేస్తున్న వంటమనిషి. ఇన్ని చేతులు ఒక్క చోట చూసేసరికి మాస్టరుకి తన గొప్పలన్నీ గుర్తొచ్చి ఒళ్ళు చచ్చిపోయింది. ఆ హాలు ఎనిమిది నెలల కిందట కూడా ఇక్కడే ఉంది. బస్సులో ఇరవై నిమిషాలు.

డాక్టరమ్మ బక్కపలచటి మనిషి, నెరిసిన జుట్టు. వదినని కళ్ళు మూసుకోమంది. కాగితాలకి పెట్టే క్లిప్పుని వంచి, దాని రెండు కొనలూ దగ్గర దగ్గరగా పెట్టి, చిటికెన వేలి మీద ఆనించింది. "ఒకటా, రెండా?"

"రెండు."

చూపుడు వేలి మీద ఆనించింది. "ఇప్పుడు?"

వదిన ఆలోచించింది. "ఒకటి?"

రెండు కొనలూ ఆనుతూనే ఉన్నాయి. డాక్టరమ్మ కొంచెం ఎడం చేసింది. "ఇప్పుడు?" వదిన మొహంలో పరీక్షకి చదవకుండా వచ్చిన పిల్ల భయం. "రెండా? ఒకటేనేమో. మీరు చెప్పండమ్మా." చివరికి డాక్టరమ్మ క్లిప్పు తీసేసి, అసలేమీ ఆనించకుండానే అడిగింది.

"రెండు" అంది వదిన, కళ్ళు మూసుకునే.

మాస్టరు గోడ మీది గడియారం వైపు చూశాడు. అది ఎంత చూపిస్తోందో ఆయనకి తెలియలేదు.

డాక్టరమ్మ నరం పరీక్ష కాగితాలు చూసి, మణికట్టు తట్టి చూసి, వివరంగా చెప్పింది. "ఇక్కడ ఒక సన్నని దారిలోంచి నరం వెళ్తుందమ్మా. దాని పైన గట్టి పట్టీ ఉంటుంది. మొదటి ఆపరేషన్లో ఆ పట్టీ పూర్తిగా తెగినట్టు లేదు. కొంత మిగిలిపోయి నరాన్ని నొక్కుతూనే ఉంది. ఇది ఎవరి చేతిలోనైనా జరగవచ్చు. మొదటి నెల్లోనే వచ్చి ఉంటే పని తేలిక. ఇన్నాళ్ళు ఎందుకు ఆగారు?"

"నరం కదా, టైము పడుతుందని మా మరిది..." అని ఆగి, వదిన గబగబా సర్దుకుంది. "మావాడి తప్పేం లేదమ్మా. నలుగురినీ కనుక్కుని, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. కన్నకొడుకైనా అంత చెయ్యడు."

"ఏ డాక్టరు?"

వదిన చెప్పింది. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆయన మంచి సర్జనే. కాలిన మచ్చలకి నేనే ఆయన దగ్గరికి పంపిస్తాను. చేతుల కేసులన్నీ ఆయన నా దగ్గరికి పంపిస్తారు. పదేళ్ళ నుంచీ అంతే. మిమ్మల్ని ఎందుకు పంపలేదో నాకర్థం కావడం లేదు."

ఆవిడ ఎవరినీ నిలదీయలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. వదిన మరిది వైపు చూసింది, ఏదో ఒక జవాబు ఉండే ఉంటుంది, వాడు చెప్తాడులే అన్నట్టు. ఆ నమ్మకం చూశాక మాస్టరు ఇక ఆగలేకపోయాడు.

"పంపారమ్మా" అన్నాడు. "ఆయన పంపారు. మీ దగ్గరికే వెళ్ళమన్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు. నేనే బతిమాలి ఆయన చేత చేయించాను. తర్వాత చూపించమని ఆయన ప్రతి నెలా అడిగితే, బాగుందని చెప్పింది కూడా నేనే."

వదిన కళ్ళార్పకుండా చూసింది. ఎవరైనా మరిది మీద చాడీలు చెప్తే ఆవిడ మొహం ఎర్రబడేది. ఇప్పుడు ఎర్రబడలేదు. ఈసారి ఎవరితో పోట్లాడాలో ఆవిడకి తెలియలేదు.

"నేనింకా నాదే లోపమనుకున్నానురా" అంది చివరికి, నెమ్మదిగా. "బరువులేమైనా ఎత్తానేమో, తడిపానేమో అని. ఊళ్ళో అందరికీ బాగుందని చెప్పుకుంటున్నావు. ఇంత శ్రమపడి చేయిస్తే ఇంకా బాగవలేదని ఎలా చెప్పను? గుమ్మంలో నిలబెట్టి చెయ్యి చూపించమంటే చూపించాను. వచ్చిన గిరాకీలో సగం మందిని నా కళ్ళు కనబడ్డం లేదని చెప్పి పంపేశాను. ఎనిమిది నెలలు నీ మొహం చూడాలంటే సిగ్గుపడి చచ్చాను. సిగ్గుపడాల్సింది నేనుట్రా?"

మాస్టరుకి తల తీసేసినట్టయింది. క్షమించమందామనుకున్నాడు గానీ, అడిగితే ఆవిడ అలవాటు కొద్దీ క్షమించేస్తుందేమోనని భయమేసింది. అందుకని నోరు మూసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన మంచికి నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే కావచ్చు.

"నువ్వు బయట కూర్చో" అంది వదిన. తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుని డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఇలాంటివి మీరు ఇప్పటిదాకా ఎన్ని చేశారమ్మా? ఒకసారి కోసిన చెయ్యి మళ్ళీ కోసినవి ఎన్ని? ఏ వేలు తిరిగొస్తుంది, ఏది రాదు? ఉన్నదున్నట్టు చెప్పండి." డాక్టరమ్మ నవ్వి, కాగితం మీద చెయ్యి బొమ్మ గీయడం మొదలెట్టింది. మాస్టరు తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చాడు.

బెంచీ మీద ఒక వడ్రంగి కూర్చుని ఉన్నాడు. అతని ఉంగరపు వేలు మడిస్తే మళ్ళీ లేవదు. ఎడం చేత్తో పట్టుకుని లాగితే టక్కుమని తెరుచుకుంటుంది. వచ్చిన దగ్గర్నుంచీ అదే పనిగా దాన్ని మూస్తూ తెరుస్తూ ఉన్నాడు.

"ఈ డాక్టరమ్మ బాగా చేస్తుందాండీ? కోస్తారంటే భయంగా ఉంది."

మాస్టరుకి నాలుక కొస దాకా ఏదో వచ్చింది. మింగేశాడు. "నన్నడక్కండి. లోపల మా వదిన ఉంది. ఆవిడ వచ్చాక అడగండి."

చాలాసేపటికి వదిన ఫైలు చంకలో పెట్టుకుని వచ్చింది. కళ్ళు తుడుచుకున్న గుర్తులున్నాయి గానీ మొహం స్థిరంగా ఉంది. వడ్రంగి లేచి నిలబడి అదే ప్రశ్న వేశాడు.

"భయపడకండి" అంది వదిన. "ఎన్ని చేశారో, ఎలా చేస్తారో అన్నీ అడగండి. మొహమాటపడకండి. నాకు బొటనవేలూ నడిమి వేలూ చాలావరకు తేరుకుంటాయంది. చూపుడు వేలి సంగతి చెప్పలేనంది. రాదేమో అనుకోమంది. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి."

"మీ పుణ్యమమ్మా. నేను ఆర్నెల్లు ఎక్కడెక్కడో తిరిగి ఇక్కడ తేలాను. ఇంతకీ ఈవిడ గురించి మీకెవరు చెప్పారు?"

వదిన మరిది వైపు చూడలేదు.

"మా మరిదికి మొదటినుంచీ తెలుసు" అంది.

ఆరేళ్ళప్పటి నుంచీ ఆ గొంతు వింటున్నాడు మాస్టరు. అందులో కోపం ఉందో, పదిమందిలో తనని కాచుకునే పాత అలవాటు ఉందో ఈసారి పోల్చుకోలేకపోయాడు. వడ్రంగి మాత్రం ఆయన వైపు తిరిగి, ఆ ముడుచుకుపోయిన వేలితోనే దణ్ణం పెట్టాడు.

"పెట్టి పుట్టాలమ్మా" అన్నాడు వదినతో. "ఇంట్లో ఇలాంటివాడు ఒకడుంటే చాలు."

భూమి చీలితే బాగుండుననిపించింది మాస్టరుకి. ఏం చెయ్యాలో తోచక, ఫైలు అందుకుందామని వదిన వైపు చెయ్యి చాచాడు.

"నేను పట్టుకుంటాలే" అని ఆవిడ మెట్లు దిగడం మొదలెట్టింది.